నొప్పి లేని నడుములు కావలెను

కడపలో నడుము నొప్పి ఉన్నవాళ్ళు కావాలంటే చిటికె వేస్తే చాలు. మా కాలేజీ ఆసుపత్రి బయట పొద్దున ఎనిమిదింటికే బెంచీలు నిండిపోతాయి. ఆటోలు తోలేవాళ్ళు, టైలర్లు, బస్సు డ్రైవర్లు, బడి పంతుళ్ళు, అందరూ కూర్చుని నాది ఎక్కువ నొప్పంటే నాది ఎక్కువని పోటీ పడుతుంటారు. నా ఖర్మ కాలి నాకు కావలసింది వాళ్ళు కాదు. నాకు నొప్పి లేనివాళ్ళు కావాలి.

నా పేరు యామిని. ఫిజియోథెరపీలో పీజీ చివరి ఏడాది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నడుము ఎంత బిగువుగా ఉంటుందో కొలవడం నా థీసిస్. ఈ మాట చెప్పగానే ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు, బాగున్నవాళ్ళను కొలిచి ఏం చేసుకుంటావమ్మా అని. మా అమ్మ నాగలక్ష్మమ్మ అయితే, "బాగుండేదాన్ని కెలికి చెడగొడతారా ఏమ్మీ?" అంది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. రోగి వస్తే మేం బొటనవేళ్ళతో వెన్నుపూసల మీద నొక్కి చూసి, బిగుసుకుపోయింది అని రాసేస్తాం. నా వేలికి బిగుసుకుపోయినట్టు అనిపించింది మా శిల్పా మేడం వేలికి మామూలుగానే ఉంటుంది. అసలు మామూలంటే ఎంత? బాగున్న నడుమును నొక్కితే ఎంత లోపలికి దిగుతుంది? జ్వరం ఉందో లేదో చెప్పాలన్నా ఒంటికి ఉండాల్సిన వేడి ఎంతో ముందు తెలియాలి కదా. ఇదీ అంతే.

మొత్తం ముప్పై మందిని కొలవాలి. ఏడాదిలో ఒక్కసారి కూడా వాళ్ళకు నడుము నొప్పి వచ్చి ఉండకూడదు, దానికి ఏ వైద్యమూ చేయించుకొని ఉండకూడదు. కాళ్ళరిగేలా తిరిగి పద్ధెనిమిది మందిని పట్టాను. సగం మంది మా కాలేజీ పిల్లలే, మిగతావాళ్ళు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. శిల్పా మేడం నా థీసిస్‌కు గైడు. జాబితా చూసి కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆమె అద్దాలు తీసిందంటే మనకు మూడినట్టే.

"ఇవన్నీ కుర్చీల్లో కూర్చునే నడుములు యామినీ. బరువులెత్తే నడుములేవి? అవి లేకుండా ఆరోగ్యవంతులు అని పేరెట్లా పెడతావు? ఇంకో పన్నెండు మందిని తీసుకురా. నెలాఖరుకు కొలతలు నా ముందు ఉండాలి. లేకపోతే వచ్చే విడతకే పరీక్ష. ఆరు నెలలు ఆగాల్సిందే."

ఆ రోజు పద్ధెనిమిదో తేదీ. మార్కెట్ యార్డుకు పోయి హమాలీలను అడిగితే నవ్వారు. "నొప్పి లేని హమాలీ యాడుంటాడు మేడం? ఉన్యాడంటే వాడు పని చేయనట్టే" అన్నాడొకాయన. అంతే, నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నాకు అవి రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి. అక్కడే మూటల మధ్య నిలబడి నాయనకు ఫోన్ చేశాను.

మా నాయన నాగసుబ్బయ్య బేతంచెర్లలో ఉంటాడు. మాకు ఆరెకరాల చేను ఉంది కానీ జానెడు మన్ను తవ్వితే కింద అంతా బండే. శనక్కాయ వేస్తే విత్తనం తిరిగి వచ్చేది కాదు. పదిహేనేళ్ళ క్రితం నాయన విసిగిపోయి, పంట సంగతి వదిలేసి ఆ బండనే తీయించి, ఊరి బయట పాలీషు మిషన్ ఒకటి పెట్టుకున్నాడు. పేరుకు ఫ్యాక్టరీ యజమాని. లారీకి బండలెత్తేటప్పుడు మీరు వచ్చి చూస్తే అందులో యజమాని ఎవరో పోల్చుకోలేరు. అందరితో పాటు ఆయనా ఒక అంచు పట్టుకొని ఉంటాడు.

"పన్నెండు మందేనా?" అన్నాడు నాయన ఫోనులో. "ఇంత దానికే గొంతు అట్ల పెట్టినావేందిమ్మా? ఎవురికో ఏమో అయిందనుకున్యా. మన కాడ పదకొండు మంది ఉండారు, నాతో కలిపితే పన్నెండు. సరిపాయ గదా."

"నాయనా, నొప్పి ఉండకూడదు. ఏడాదిలో ఒక్కసారి కూడా."

"నొప్పా? రాతి మీద పుట్టినోళ్ళకు నొప్పేందిమ్మా!"

"నీకు లేదు గదా?"

"నాకా? ఎప్పుడన్నా ఉండాదని చెప్పినానా?"

చెప్పలేదు. నాకు తెలిసి మా నాయన నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడగా కూడా నేను చూడలేదు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది నా దగ్గర. అది చెప్పాలంటే నా పుట్టుక సంగతి చెప్పాలి.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల రావాల్సిన చోట కాళ్ళు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్ళ కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. నాకు నాలుగేళ్ళు వచ్చినప్పటి నుంచి ఆదివారం వస్తే చాలు, మా అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకొని ఉండేవాళ్ళు. అమ్మ నా రెక్క పట్టుకొని ఆ వీపుల మీద మూడుసార్లు నడిపించేది. చెమట వాసన, ఆముదం వాసన, కాళ్ళ కింద కదిలే ఎముకలు. ఏడుస్తూ తొక్కేదాన్ని. ఎనిమిదేళ్ళప్పుడు ఒక రోజు ఒకాయన ఇంకోసారి తొక్కమన్నాడని ఆయన జుట్టు పట్టి పీకి, పలక విసిరికొట్టి, గాదె వెనక దాక్కున్నాను. ఆ మరుసటి వారం నుంచి ఒక్కరూ రాలేదు. నా కోపానికి ఊరు జడిసిందని ఇన్నేళ్ళూ గర్వపడుతూ వచ్చాను.

ఊరంతా నా కాళ్ళ కింద పడుకుంది కానీ నాయన ఏనాడూ పడుకోలేదు. తర్వాత కూడా, ఒకసారి తొక్కమ్మా అని అడగలేదు. నొప్పి ఉన్నవాడైతే ఇంట్లో మందు పెట్టుకొని ఊరుకుంటాడా? కాబట్టి ఆయనకు నొప్పి లేదు. ఇదీ నా తర్కం. పీజీ చదువుతున్నదాన్ని మరి.

ఇరవై మూడో తేదీ సోమవారం నాయన పికప్ వేసుకొని కడప వచ్చాడు. మేడం కాళ్ళా వేళ్ళా పడి మూడు రోజులకు మిషన్ అడిగి తీసుకున్నాను. మిషన్ అంటే బోర్లా పడుకోవడానికి ఒక బల్ల, దాని మీద ఇనుప చట్రం, చట్రంలోంచి కిందికి దిగే ఒక కడ్డీ, కడ్డీ చివర రబ్బరు బిళ్ళ. మోటారు ఆ కడ్డీని మెల్లగా వెన్నుపూస మీదికి దించి నొక్కుతుంది. ఎంత బలంతో నొక్కితే ఎంత దిగిందో పక్కనున్న కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది. నాయన దాన్ని అమ్మ బొంతల్లో చుట్టి, నాలుగు పక్కలా గడ్డి కూరి, ప్రొద్దుటూరు మీదుగా గుంతల్లో నడిపినంత సేపూ అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు. పురిటి నుంచి నన్ను కూడా ఇంత జాగ్రత్తగా తెచ్చి ఉండడని ఆటపట్టించాను. "నిన్ను బస్సులో తెస్తిమి" అన్నాడు.

పాలీషు మిషన్ ఆడితే గోడలు అదురుతాయి, నా కొలతలు చెడిపోతాయి అని నసిగాను. నాయన ఇంకో మాట లేకుండా రెండు రోజులు ఫ్యాక్టరీ ఆపేశాడు. లారీవాడు ఫోన్ చేసి అరిస్తే, "నా బిడ్డ పరీక్ష నడస్తాండాది, గురువారం రాప్పా" అని పెట్టేశాడు.

మంగళవారం పొద్దున ఆఫీసు గదిలో బల్ల వేశాం. నాయన అప్పటికే చొక్కా విప్పి నిలబడి ఉన్నాడు.

"మొదట నేను. నా బిడ్డ పుస్తకంలో మొదటి నడుము నాదే ఉండాల."

"పుస్తకంలో పేర్లు రావు నాయనా. నెంబర్లే."

"అయితే ఈడికొచ్చినోళ్ళలో ఒకటో నెంబరు నాది. రాసుకో."

కాగితం మీద ప్రశ్నలు అడిగాను. ఏడాదిలో నడుము నొప్పి వచ్చిందా? లేదు. ఏదైనా వైద్యం? లేదు. సంతకం పెట్టి బోర్లా పడుకున్నాడు. ఊపిరి వదిలి ఆపమన్నాను. కడ్డీ దిగింది, నొక్కింది, లేచింది. అట్లా ఐదుసార్లు. ఎక్కడైనా నొప్పి అనిపిస్తే చెప్పమన్నాను, ఆపేస్తానన్నాను. ఆయన కిక్కురుమనలేదు. గీత చూస్తే దాదాపు నిలువుగా ఉంది. అప్పటిదాకా నేను కొలిచిన పంతొమ్మిది మందిలోకీ తక్కువ దిగింది మా నాయన నడుమే. బిగువు ఉన్నంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు. ఆ మాట నా థీసిస్ మొదటి పేజీలోనే రాసుకున్నాను.

"నీ నడుము నిజంగానే బండ నాయనా" అన్నాను కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా.

ఆయన బల్ల మీద నుంచి లేవడానికి కాస్త సేపు పట్టింది. పక్కకు తిరిగి, చేతులు ఊని, కాళ్ళు కిందికి వేసి లేచాడు. నేను అంకెలు చూసుకుంటున్నాను. బయటికి పోయి మాత్రం, "నా నడుము బండంట, మిషనే చెప్పింది" అని అందరికీ చెప్పుకున్నాడు.

తర్వాత మిగతావాళ్ళు. రెండు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దని చెప్పి ఉన్నాను, అమ్మేమో పెద్ద గిన్నెతో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పంపించింది. కంబన్న రెండు ప్లేట్లు తిని వచ్చి బోర్లా పడుకొని, "ఊపిరి యాడ వదిలేదిమ్మా, ఉగ్గాని వస్తాది" అన్నాడు. ఏసేపుకు చక్కిలిగింత. రబ్బరు బిళ్ళ తగిలితే చాలు, ప్రభువా ప్రభువా అని నవ్వు. రంగన్న అయితే ఈ మిషన్ మనసులో మాట కూడా చెబుతుందేమోనని భయపడ్డాడు. ఒక్కొక్కరినీ తిట్టి, బుజ్జగించి, మళ్ళీ తిట్టి కొలిచాను. ప్రశ్నలకు మాత్రం అందరిదీ లేదనే ఒకే జవాబు. నొప్పా? ల్యా. ఎప్పుడూ? ల్యా. నా ఆనందానికి హద్దులేదు. ఇంత ఆరోగ్యమైన ఊరు ఇన్నాళ్ళూ ఇక్కడ పెట్టుకొని కడపంతా తిరిగాను కదా అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం చివరి మనిషి ఓబులేష్. పాతికేళ్ళవాడు, వాగుడుకాయ. కడ్డీ మూడోసారి నొక్కుతుండగా, "యామినక్కా, మీ మిషన్ కన్యకమ్మవ్వ కాలంత గట్టిగా ల్యా" అన్నాడు.

నేను మోటారు ఆపేశాను. కన్యకమ్మవ్వ అంగడి వీధిలో సరుకుల కొట్టు నడుపుతుంది. డెబ్బై దాటాయి. ఆమె కూడా నాలాగే ఎదురుకాళ్ళతో పుట్టింది. నేను మానేసిన పని ఆమె నేటికీ చేస్తోంది. ఆదివారం పొద్దున కొట్టు తెరవక ముందు మెట్ల మీద పడుకున్నవాళ్ళకు మడమతో మూడు తన్నులు తంతుంది.

"ఎప్పుడు తన్నించుకున్నావు?"

"మొన్న ఆదివారమే గదక్కా. అందరం పోతిమి. మీ నాయన సుబ్బన్నే టాక్టర్ ఎక్కిచ్చి పంపిచ్చె."

"అందరూ అంటే?"

"అందరం అంటే అందరమే. పదకొండు మందిమి."

బయటికి వచ్చాను. రేకుల కింద మిగతా పదిమంది, వాళ్ళ మధ్య నాయన. నా ముఖం చూసి బజ్జీ నములుతున్న కంబన్న ఆపేశాడు.

"నాయనా, వీళ్ళను కన్యకమ్మవ్వ దగ్గరికి పంపినావా?"

"పంపిచ్చినా" అన్నాడు నాయన, ఎంతో గొప్ప పని చేసినవాడిలా. "నొప్పి లేనోళ్ళు కావాలంటివి గదా. అందుకే నొప్పి తీపిచ్చి మరీ తెచ్చినా. బేరానికొచ్చినోళ్ళకు బండ కడిగి చూపిచ్చమా?"

నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. నెత్తే కొట్టుకున్నాను. "అయ్యో నాయనా! కడిగిన బండ కాదు నాకు కావలసింది! నొప్పి అసలు రాని నడుము కావాల. నిజం చెప్పండి ఇప్పుడు, ఎవరికి నొప్పి లేదు? చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఏసేపు సగం ఎత్తి, పక్కనున్న రంగన్నను చూసి దించేసుకున్నాడు. "సుబ్బన్న బిడ్డ పరీక్ష, ఎవురూ నొప్పి అని నోరు జారొద్దు అనుకుంటిమిమ్మా" అన్నాడు రంగన్న మెల్లగా. "పాస్ కావల్ల గదా నువ్వు."

వీళ్ళను ఏమని తిట్టేది? అయినా తిట్టాను. పదకొండు కాగితాలు పోయాయి, నెలాఖరు పోయింది, నా ఆరు నెలలు పోయాయి. తిట్టడానికి ఇంకెవరూ మిగలక కన్యకమ్మవ్వ మీదికి బయలుదేరాను. నాయన స్కూటర్ తీసుకొని ఒక్క నిమిషంలో అంగడి వీధిలో ఉన్నాను.

అవ్వ కొట్టు గుమ్మంలో కూర్చుని చింతపండు ఉండలు కడుతోంది. నేను అరిచినంత సేపూ అరవనిచ్చింది. "మంచినీళ్ళు తాగుతావా?" అని చెంబు అందించింది.

"పన్నెండు మందిని ఒకే పొద్దున తంతే నా కాలేం గావాల? మోకాలు ఇంగా నొస్తాండాది. నువ్వొచ్చి నన్నే అరుస్తావా?"

"పదకొండు మంది అవ్వా."

"పన్నెండు. మీ నాయనను లెక్కేస్తివా?"

"నాయన వచ్చింటే వాళ్ళను దింపడానికి వచ్చింటాడు."

అవ్వ చింతపండు గంపలో వేసి నా వైపు చూసింది. చెప్పకూడనిది చెప్పానని ఆమెకు అప్పుడు తెలిసినట్టుంది. కానీ ఆమెది దాచుకునే నోరు కాదు.

"మీ నాయన వారం వారం వస్తాడమ్మీ. ఎనిమిదేండ్ల నుంచి వస్తానే ఉండాడు. నువ్వు ఇంటర్ పరీక్షలు రాస్తాంటివి. పెద్ద బండ జారితే ఏసేపు కాలి మీద పడకుండా ఈయన ఒక్కడే పట్టుకున్యాడంట. అప్పుడు ఏమో కలుక్కుమన్యాది. బిడ్డ పరీక్షలు అయిపోనీ అని నోరు మూసుకున్యాడు. పరీక్షలు అయిపాయ. మల్లా నువ్వేమో నడుముల చదువుకే పోతివి. ఇంగ చెప్పేదెట్ల? నా బిడ్డ అందరి నడుములు బాగు చేస్తాది అని ఊరంతా చాటింపు వేసి, నాకే నడుము నొప్పి అంటే నవ్వరా అంటాడు. తెలిస్తే నన్ను బండ ముట్టనియ్యదు అని ఇంగొకటి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?"

చేతిలో చెంబు ఉందన్న సంగతి కూడా మరిచాను. "మరి నన్ను తొక్కమని అడగొచ్చు గదా అవ్వా. ఇంట్లోనే ఉన్నాను గదా."

"ఎట్ల అడుగుతాడు? నీ కాలి మహిమ పోయిందని ఊరికి చెప్పింది ఆయనే గదా."

"ఏం చెప్పినాడు?"

"నీకు ఎనిమిదేండ్లప్పుడు. ఒకరోజు జుట్టు పీకి గాదె ఎనక దాక్కుంటివంట గదా. ఆ పొద్దే నా కాడికి వచ్చినాడు. అవ్వా, నా బిడ్డ ఏడ్చుకుంటా తొక్కుతాండాది, నేను సూడల్యా. ఈ వారం నుంచి అందరినీ నువ్వే సూసుకో. పాపకు ఆటలమ్మ పోసింది, కాలి మహిమ పాయ అని నేను చెప్తా, నువ్వూ అదే చెప్పు అన్యాడు. మీ ఇంటి మీదికి ఎవురూ రాకుండా చేసింది నీకు పోయ్యని ఆ ఆటలమ్మే."

ఊరు జడిసింది నా కోపానికి కాదు. చెయ్యి పట్టుకొని నన్ను ఆ వీపుల మీద నుంచి దించిన మనిషి ఒకడు ఉన్నాడు, ఆ మనిషి తన వీపు కూడా నాకు చూపించకుండా దాచుకున్నాడు. నేను కడపలో రోజుకు ఇరవై నడుములు చూస్తాను. నడిచి వస్తుంటేనే ఎవరికి ఎక్కడ నొప్పో చెప్పగలనని పేరు కూడా ఉంది నాకు. నిన్న నాయన బల్ల మీద నుంచి అవస్థపడి లేవడం నా కళ్ళ ముందే జరిగింది, నేను చూడలేదు. నా మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

అక్కడి నుంచే శిల్పా మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె నవ్వు ఆపుకుంటోందని గొంతులోనే తెలిసింది. "కొట్టేయాల్సిందే యామినీ. అందరినీ. తప్పుడు కొలతల కంటే ఆరు నెలలు ఆలస్యమే నయం" అంది. నాకూ తెలుసు.

ఫ్యాక్టరీకి తిరిగి వచ్చేసరికి మనుషులంతా ఇళ్ళకు పోయారు. నాయన ఒక్కడే ఆఫీసు గదిలో నిలబడి మిషన్ రబ్బరు బిళ్ళను తన తువ్వాలుతో తుడుస్తున్నాడు.

"కొట్టేస్తాండావా?" అన్నాడు.

"ఆ. కొట్టెయ్యాల."

"తప్పు నాదేమ్మా. నాకు తెల్వక చేసినా. వాళ్ళను కొట్టెయ్." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "ఒకటో నెంబరు ఒక్కటి ఉండనియ్. నాకు నొప్పి ల్యా గదా. ఒక్కటన్నా మిగులుతాది నీకు."

నేను కాగితాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాను. పన్నెండింటిలో పైనున్నది ఆయనదే. సంతకం వంకరగా, నాగసుబ్బయ్య అని, చివర ఒక చుక్క కూడా పెట్టాడు.

"వారం వారం పోతాండావంట, నాయనా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఆయమ్మ నోట్లో నువ్వు గింజ నానదు" అన్నాడు.

"ఎనిమిదేండ్లు!"

"అది నొప్పి గాదు. ఉత్త పట్టు. పొద్దున లేచ్చే ఉంటాది, ఎండెక్కితే పోతాది. దానికి ఇంత రచ్చా?"

"ఏడాదిలో నొప్పి వచ్చిందా అంటే లేదని సంతకం పెట్టినావు."

"నువ్వు అడుగుతాంటే ఉండాదని ఎట్ల చెప్పేది? నీ పని చెడిపోతాది గదా!"

అరుద్దామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూస్తే అరుపు రాలేదు. పరీక్షలో తప్పిన పిల్లాడిలా నా చేతిలో పెన్ను వైపే చూస్తున్నాడు. పన్నెండు కాగితాల మీద ఒక్కొక్కటిగా అడ్డగీత గీశాను. ఆయనది చివరన గీశాను. దాని మీద కారణం రాయాలి. నడుము నొప్పి కలదు అని రాశాను. నాయన దాన్ని చదువుకున్నాడు.

"నా వల్ల ఆరు నెలలు పాయ నీకు" అన్నాడు.

"పోతే పోనీ. మాట్లాడకుండా బోర్లా పడుకో."

"మల్లా ఏంటికి? కొట్టేసినావు గదా."

"ఇది థీసిస్‌కు గాదు. పడుకో."

చొక్కా విప్పి పడుకున్నాడు. మిషన్‌ను పక్కకు తోసేసి చేతులు రెండూ రుద్దుకొని వెచ్చబరచుకున్నాను. పై నుంచి మొదలుపెట్టి ఒక్కో పూస మీద బొటనవేళ్ళు ఆనించి నొక్కుతూ కిందికి వచ్చాను. ఊరందరి వీపులూ తొక్కినదాన్ని, కడపలో వేలమందిని పట్టి చూసినదాన్ని, మా నాయన వీపు మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఎండకు నల్లబడిన మెడ కింద చర్మం ఎంత మెత్తగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

"ఈడ?"

"ల్యా."

"ఈడ?"

"ల్యా."

నాలుగో పూస దాటి ఐదో దాని మీదికి వచ్చాను. వేళ్ళ కింద కండరం తాడులా లేచి నిలబడింది. కింద ఆయన కాలి వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఈడ?"

"ల్యా."

బొటనవేళ్ళు అక్కడే ఉంచాను. నొక్కలేదు, తీయలేదు. పాలీషు మిషన్ ఆగిపోతే మా ఫ్యాక్టరీ ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

"నాయనా, నాకు పరీక్షలు లేవు ఇప్పుడు. ఈ నెల పోయింది, ఏం చెప్పినా ఇంక చెడిపోయేది లేదు. నేను ఏడ్వను. చెప్పు."

ఆయన ముఖం బల్లకు ఆనించుకున్నాడు. వీపు మెల్లగా లేచి దిగుతోంది.

"ఉండాదిమ్మా" అన్నాడు.

"ఎంత?"

"శానా." ఒక్కసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. "ఎడమ కాలు దాకా గుంజుతాది. పొద్దున చెప్పులు ఏసుకోల్యాక మీ అమ్మతో ఏపిచ్చుకుంటాండా. నీకు చెప్తే చంపుతా అన్యా ఆమెను. దగ్గు వచ్చినా భయమే. రాత్రిపూట పక్కకు తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాల. శానా నొప్పి యామినీ."

ఆయన చెబుతూ పోయాడు, నేను వింటూ పోయాను. కాసేపటికి ఆపి, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏడుస్తాండావా?"

"లేదు నాయనా" అన్నాను. ఈసారి అబద్ధం నాది.